పట్ట కింద రెండు పగళ్లు

నాకు వాదించడమంటే ఇష్టం. గెలవడమంటే ఇంకా ఇష్టం. ముప్ఫై ఏళ్లు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పిన మనిషికి ఈ రోగం తప్పదేమో. రిటైరయ్యాక అమలాపురంలో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేక, ఎవరు పిలిచినా వెళ్లి భూమి ఎందుకు వేడెక్కుతోందో చెప్పి వస్తున్నాను. ఈసారి గుంటూరు దగ్గర ప్రత్తిపాడు నుంచి, ఆ తర్వాత సింగరాయకొండలో ఒక హైస్కూలు నుంచి పిలుపొచ్చింది. మిరపచేలు చూడొచ్చు, గోంగూర తినొచ్చు, నలుగురికీ నాలుగు మంచి ముక్కలు చెప్పి రావచ్చు అనుకుని బయల్దేరాను. మూడూ జరిగాయి. ఆ మూడోది జరక్కపోయి ఉంటే బాగుండేది.

ప్రత్తిపాడు, శనివారం

నన్ను పిలిచింది మేరీ సువార్త. ఒకే కాలేజీలో పన్నెండేళ్లు ఆమె తెలుగు చెప్పింది, నేను ఫిజిక్సు చెప్పాను. రిటైరయ్యాక సొంతూరు వచ్చేసి, చర్చి పక్కన రెండు గదుల ఇల్లు వేసుకుంది.

గుంటూరులో బస్సెక్కితే దారంతా పత్తి అయిపోయిన చేలు. కట్టె పీకి గట్ల మీద కుప్పలు పెట్టారు. అక్కడక్కడా తగలబెడుతున్నారు. ఆ పొగ అవతల నేల మీద ఎర్రటి మడులు కనిపిస్తాయి, అవి మిరపకాయ ఆరబోసిన కల్లాలు. నా పక్కన కూర్చున్నావిడ నాకు పిల్లలెంతమందో, పెన్షనెంతో, ఒక్కదాన్నే ఎందుకు తిరుగుతున్నానో వరసగా అడిగేసింది. మా కోనసీమలో అయితే ముందొక ‘అండి’, వెనకొక ‘ఆయ్’ పెట్టి, అసలు సంగతికి రావడానికి అరగంట తీసుకుంటాం. ఇక్కడ ఇద్దరు కొట్టుకుంటున్నారేమోనని కంగారుపడి తలతిప్పి చూస్తే, టిఫిను చేశావా అని అడుగుతున్నారు.

మధ్యాహ్నం సువార్త తమ్ముడి ఇంట్లో భోజనం. పప్పు, గోంగూర పచ్చడి, దొండకాయ వేపుడు. వేపుడు మీద చల్లిన కారం చూసి, మా ఇంట్లో ఇది వారానికి సరిపోతుందన్నాను.

“అది రంగుకేసింది మేడమ్‌గారూ. కారం ఇంకా వెయ్యలా” అంది తమ్ముడి భార్య దీనమ్మ.

తమ్ముడి పేరు యేసురత్నం. నలభై అయిదేళ్లుంటాయి, మాట తక్కువ. తాతల నాటి నుంచీ వాళ్లది ఇంకొకరి చేలో కూలి. ఈ ఏడాదే మొదటిసారి రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశాడు. మొదటి కోత, కాలం కాని కాలంలో పట్టిన ముసురుకి కుళ్లిపోయింది. రెండో కోత కల్లంలో ఉంది. ఇది దక్కితే వచ్చే ఏడూ రైతే, దక్కకపోతే మళ్లీ కూలి. ఈ మాట అతను నాతో అనలేదు, భోజనమయ్యాక చేతులు కడుక్కునేటప్పుడు సువార్త చెప్పింది.

సాయంత్రం కల్లం దగ్గరికి తీసుకెళ్లాడు. గుప్పెడు కాయ తీసి చెవి దగ్గర ఊపాడు. లోపల గింజ గలగలమంటే ఆరినట్టట. ఇంకా మెత్తగానే ఉంది. “మూడు ఎండలు కావాలండీ” అన్నాడు. ఇక్కడ రోజుల్ని ఎండల్లో చెబుతారు. పొద్దుగూకే ముందు కాయనంతా పోగుచేసి, మంచు పడకుండా టార్పాలిన్ పట్ట కప్పుతారు. పొద్దున ఎండెక్కగానే విప్పి మళ్లీ పరుస్తారు. ఆరీ ఆరని కాయని పగలు విప్పకపోతే లోపల ఉడికిపోతుందని దీనమ్మ నాకు విడమరిచి చెప్పింది. నేను విన్నాను. నోట్సు కూడా రాసుకున్నాను.

గట్టుకి అవతలి కల్లం మస్తాన్‌వలీది. ఎకరం మిరప వేసి, మిగతా రోజుల్లో ట్రాలీ ఆటో తోలుతాడు. ఇద్దరూ చిన్నప్పటి నుంచీ ఏరా అంటే ఏరా అనుకునేవాళ్లు.

“నీ కాయకంటే నాది ఎరుపురా రత్నం!” అని అక్కణ్ణించే అరిచాడు.

“ముందు నీ కళ్లు చూపించుకోరా పోయి” అన్నాడు యేసురత్నం. అతను నవ్వగా నేను చూసింది ఆ రోజే.

ఆదివారం, చర్చి వరండా

ఆరాధన అయ్యాక జనం వెళ్లిపోకుండా పాస్టర్‌గారే ఏర్పాటు చేశారు. పెద్దవాళ్లకి వరండాలో కుర్చీలు, మిగతావాళ్లకి మెట్లు, అందరికీ ఉప్మా, టీ. మస్తాన్‌వలీ కూడా వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

నేను సులువుగానే మొదలుపెట్టాను. బొగ్గూ పెట్రోలూ డీజిలూ కాలిస్తే కంటికి కనపడని గాలి ఒకటి పైకి పోయి పేరుకుంటుంది. అది ఎండని లోపలికి రానిస్తుంది, వేడిని మాత్రం బయటికి సులువుగా పోనివ్వదు. “కాయ మీద పట్ట కప్పితే లోపల వేడెక్కదూ? భూమి మీద అలాంటి పట్ట కప్పేశాం” అన్నాను. చాలా తలలు ఊగాయి. నాకు హుషారొచ్చింది.

“ఎవరు కప్పారండీ?” అంది దీనమ్మ. “మేం కాల్చేది పొయ్యిలోకి పత్తికట్టె. మాకు కారు లేదు, ఏసీ లేదు. కప్పినోళ్లెవరో, ఉడికేది మేమా?”

“ఎక్కువ కప్పింది పెద్ద దేశాలమ్మా. పెద్ద ఫ్యాక్టరీలు, కరెంటు కోసం కాల్చే బొగ్గు.”

“మరి నా ఆటో డీజిలో?” అన్నాడు మస్తాన్‌వలీ.

“అదీ ఉంది. నేనెక్కి వచ్చిన బస్సూ ఉంది. కాకపోతే కొంచెం.”

“అంటే కొంచెం చేసినోడూ, ఎక్కువ చేసినోడూ ఒకే వానకి తడవాలి. బానే ఉంది లెక్క.”

పాస్టర్‌గారు గొంతు సవరించుకున్నారు. మెత్తటి మనిషే గానీ పట్టుదలలో నాకేం తీసిపోరు. “మనిషి అత్యాశ వల్ల చెడింది చాలా ఉందమ్మా, కాదనను. కానీ విత్తే కాలం, కోసే కాలం ఆగవని దేవుడు మాటిచ్చాడు. అంతా నాశనమైపోతుందని భయపెడితే జనం చెయ్యాల్సిన పని కూడా మానేసి కూర్చుంటారు.”

“మాటివ్వడం నిజమే అయ్యగారూ” అన్నాడు యేసురత్నం మెట్ల మీద నుంచి. “ఆ కాలాలు మా చేలోకి రావడం మానేశాయి. ఆగాల్సిన నెలలో వాన పడతంది, పడాల్సిన నెలలో ఆగిపోతంది.”

అందరూ నవ్వారు. పాస్టర్‌గారూ నవ్వి, “మా తాతల నాడూ కరువులొచ్చాయి, తుపాన్లొచ్చాయి. అప్పుడు ఏ డీజిలుంది?” అని అడిగారు. మంచి ప్రశ్నే. జ్వరాలు అప్పుడూ వచ్చేవి, వచ్చి తగ్గేవి, ఇప్పుడు ఒళ్లు మామూలు వేడికి దిగడం లేదని నేను. ఆయన ఇంకోటి అడిగారు, నేను ఇంకోటి చెప్పాను. గంట గడిచింది. చివరికి ఆయన చేతులు జోడించి, “మేడమ్‌గారితో నెగ్గలేం” అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. నిజం చెప్పొద్దూ, నా ఒళ్లు పొంగిపోయింది.

ఇది వెనక్కి తిప్పొచ్చా అని ఎవరో అడిగారు. ఇప్పటికే ఎక్కిన వేడిని మన జీవితకాలంలో వెనక్కి తీసుకోలేమనీ, ఇకనైనా ఆపితే మిగతాది దక్కించుకోవచ్చనీ పొడుగాటి మాటల్లో చెప్పాను. అర్థమైందో లేదో చూసుకోలేదు.

అందరూ లేస్తుంటే యేసురత్నం ముందుకొచ్చాడు. “మేడమ్‌గారూ, రేపూ ఎల్లుండీ వానంటున్నారు. నా కాయ సగమే ఆరింది. మీరు ఇంత తెలిసినోళ్లు. విప్పమంటారా, ఆ రెండు రోజులూ కప్పే ఉంచమంటారా?”

లేస్తున్నవాళ్లు ఆగి నిలబడ్డారు. నేను ఫోను తీసి చూశాను. రెండు రోజుల మీదా మబ్బు బొమ్మ, దాని కింద నీటిచుక్కలు. రేపటి వాన వేరు, యాభై ఏళ్ల మార్పు వేరు అన్నది ప్రతి సభలోనూ నేను చెప్పే మాటే. రేపటి వాన గురించి వాళ్లకి తెలిసినంత కూడా నాకు తెలియదు. కానీ ఆ చప్పట్ల తర్వాత, అంతమంది ముందు, ఆ మాట నోట్లోంచి రాలేదు.

“కప్పే ఉంచండి. రెండు రోజులు విప్పకండి” అన్నాను.

“నేనైతే విప్పుతా” అన్నాడు మస్తాన్‌వలీ. “చినుకు పడితే అప్పుడు ఉరుకుతా.”

“మేడమ్‌గారు చెబుతున్నారుగా, ఊరుకోరా” అన్నాడు యేసురత్నం.

చీరాల, సోమవారం

పొద్దున్నే చీరాల బస్సెక్కాను. ఆకాశం బూడిదరంగులో ఉంది. నేను అన్నట్టే మబ్బు పట్టిందని దారి పొడుగునా సంతోషించాను. పర్చూరు దాటినా చినుకు లేదు. చీరాలలో దిగినా లేదు. గాలి ఆడటం లేదు, చీర ఒంటికి అతుక్కుపోతోంది. హోటల్లో చేపల పులుసు బాగుందని వడ్డించే ఆయన రెండుసార్లు వేశాడు. నాకు రుచి తెలియలేదు. ఇంత ఉక్కలో ఆ పట్ట కింద ఎలా ఉంటుందోనన్న ఆలోచన అప్పుడే మొదలైంది.

సాయంత్రం సువార్త ఫోను చేసింది.

“రాజ్యం, ఇక్కడ చుక్క లేదు. దీనమ్మ పట్ట కిందకి చెయ్యి పెట్టి చూసిందట, ఆవిరి కొడుతోందంటోంది. రేపు విప్పమంటావా?”

“వాళ్ల కాయ వాళ్లు విప్పుకోడానికి నన్నడగడమేమిటే?”

“నేనూ అదే అన్నాను. మా తమ్ముడేమో, సంఘం అందరి ముందూ అడిగాను, ఆమె చెప్పింది, ఇప్పుడు నా అంతట నేను విప్పితే ఊరికొచ్చిన మనిషి మాట తీసేసినట్టే అంటున్నాడు. వాడు అంతే. నువ్వు విప్పమంటేనే విప్పుతాడు.”

మా వైపు మర్యాదలకి పేరు. ఇంత బరువైన మర్యాద నేనెక్కడా చూడలేదు. ఒక్క మాట అంటే సరిపోయేది. మళ్లీ ఫోనులో చూశాను, మంగళవారం కింద చుక్కలు అలాగే ఉన్నాయి. విప్పమన్నాక వాన పడితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?

“ఇంకొక్క రోజు చూద్దాం” అన్నాను.

 సువార్త సరేనని పెట్టేసింది.

మర్నాడు తెల్లవారగానే లాడ్జి వెనక వీధికి నడిచాను. చీరాల చూడాలంటే ఆ వేళకే చూడాలని విన్నాను. వీధి పొడుగునా మగ్గం మీదికెక్కించే పడుగు నూలు సాగదీసి, దానికి ఇద్దరు అటూ ఇటూ నిలబడి పెద్ద బ్రష్షుతో గంజి పట్టిస్తున్నారు. గంజి ఆరేదాకా వీధిలో సైకిలు కూడా వెళ్లదు. పెద్దాయన ఒకాయన మాటిమాటికీ తలెత్తి పైకి చూస్తున్నాడు.

“వాన ఒక్క గంట ఆగితే చాలమ్మా. ఈ పడుగు తడిస్తే మా ఇంటిల్లిపాదికీ పని పోయినట్టే” అన్నాడు నాతో.

నేనూ తలెత్తి చూశాను. ఒక్క జల్లు, ఒకే ఒక్క జల్లు పడితే బాగుండునని కోరుకుంటున్నాను. ఈ పెద్దాయన నూలు తడిసినా, అక్కడ మస్తాన్‌వలీ కాయ నానిపోయినా సరే, నా మాట నిలబడితే చాలు. ఇలాంటి కోరిక నాలోంచి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. సిగ్గేసింది. సిగ్గుపడుతూనే మళ్లీ పైకి చూశాను.

గంటకి మబ్బు విడింది. పెద్దాయన పడుగు చక్కగా ఆరింది. చుట్టేటప్పుడు నన్ను పిలిచి నూలు ముట్టుకుని చూడమన్నాడు.

సింగరాయకొండ, మంగళవారం

రైల్లో కిటికీ పక్క సీటు దొరికినా బయటి ఎండ చూడలేక కళ్లు మూసుకున్నాను. స్టేషన్లో దిగుతూనే సువార్తకి ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. ఈలోగా స్కూలువాళ్లు ఆటో పట్టుకొచ్చారు.

ఆ స్కూల్లో పిల్లల వాదనకి నేను న్యాయనిర్ణేతని. వాతావరణ మార్పుని వెనక్కి తిప్పగలమా, లేమా అన్నది విషయం. కార్లు మానేస్తే తిప్పగలమని ఒకళ్లు, మంచుకొండలు కరిగాక తిప్పలేమని ఒకళ్లు, బట్టీపట్టిన మాటలు గడగడా చెప్పారు. నేను మార్కుల కాగితం మీద సున్నాలు చుట్టుకుంటూ కూర్చున్నాను. చివర్లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి లేచింది.

“మా ఇంటి కప్పు కారేది. ఎవరి వల్ల పగిలిందని మా నాన్నా, మా బాబాయీ రెండు వానాకాలాలు వాదించుకున్నారు. మా తాత కట్టించినప్పటిలా మళ్లీ అవుతుందా, అవదా అని ఇంకో వానాకాలం వాదించుకున్నారు. ఆ మూడు వానాకాలాలూ మా అమ్మ గిన్నెలు పెట్టింది. అప్పుడే ఒక రేకు వేసుంటే గోడ పడేది కాదు.”

పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మొదటి బహుమతి ఆ అమ్మాయికిచ్చి, భోజనానికి ఉండమంటున్నా వినకుండా బయటికొచ్చి మళ్లీ ఫోను చేశాను. ఈసారి సువార్త ఎత్తింది.

“విప్పమని చెప్పు. ఇప్పుడే విప్పమను.”

“చెబుతాను. కానీ తమ్ముడూ మరదలూ వేరేవాళ్ల చేలో కోతకెళ్లారు. వచ్చేసరికి ఎండ పోతుంది. ఇక రేపు పొద్దునే” అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది.

తిన్నగా ఇంటికి వెళ్లిపోవడానికి నా దగ్గర టిక్కెట్టుంది. సువార్తకి తర్వాత ఎప్పుడో ఫోను చేసి బాధపడితే సరిపోతుందన్న ఆలోచన కూడా వచ్చింది, దాచడమెందుకు. టిక్కెట్టు వదిలేసి వెనక్కి బయల్దేరాను.

మళ్లీ ప్రత్తిపాడు, బుధవారం

రాత్రి చీరాలలో ఆగి, పొద్దున నేను వెళ్లేసరికి ఎండ ఫెళ్లున కాస్తోంది. పట్ట అప్పుడే తీశారు. కల్లానికి పది అడుగుల దూరంలోనే ముక్కిపోయిన వాసన తగిలింది. పోగు అంచుల్లో కాయ ఎర్రగానే ఉంది. దీనమ్మ చేతులతో నడిమికి తవ్వేకొద్దీ రంగు వెలిసిన కాయ, తెల్ల మచ్చల కాయ, పట్టుకుంటే జారిపోయే కాయ పైకొచ్చింది. యేసురత్నం పక్కన గొంతుక్కూర్చుని చూస్తున్నాడు.

గట్టు అవతల మస్తాన్‌వలీ కాయ గలగలమంటోంది. అతను తన పని వదిలేసి వచ్చి, పోగుని కాళ్లతో పలచగా నెట్టుకుంటూ పోయాడు. కాసేపటికి పాస్టర్‌గారు కూడా లుంగీ ఎగ్గట్టుకుని వచ్చి ఏరడానికి కూర్చున్నారు. నా మీద గెలిచానన్న ఛాయ కూడా ఆయన మొహంలో లేదు.

నేనూ కూర్చున్నాను. ఎర్రకాయ ఒకవైపు, పాడైన తాలుకాయ ఒకవైపు. అయిదు నిమిషాల్లో చెమట తుడుచుకోబోయి అదే చేత్తో కన్ను నలుపుకున్నాను. కన్ను మండిపోయి నీళ్లు కారాయి. దీనమ్మ చెంబుతో నీళ్లు పోసి కడిగింది. కడుగుతూనే అంది.

“మీరే చెప్పారుగా మేడమ్‌గారూ, పట్ట కప్పితే లోపల వేడెక్కుతుందని. భూమికైతే చెప్పారు. మా కాయకి చెప్పలా.”

“నాదే తప్పమ్మా” అన్నాను. 

“మరదలా, ఆమె ఒక్కదానిదే కాదులే” అని సువార్త ఏదో సర్దబోయింది.

“ఉండక్కా” అన్నాడు యేసురత్నం.  “సగం ఆమెదే. సగం నాది. ఉడుకుతుందని నాకు తెలుసు. తెలిసీ ఆమెనడిగా. పెద్ద చదువు కదా, నాకు తెలిసింది తప్పేమో అనుకున్నా.” పాడైన కాయల గుట్ట వైపు చూశాడు. “సగానికి పైనే పోయింది. వచ్చే ఏడు కౌలు లేదిక. కూలికే.”

 నాకు ఏడుపొచ్చింది. కంట్లో కారం ఉండటం వల్ల ఎవరూ గమనించలేదు, గమనించి ఉంటే బాగుండేదనిపించింది.

చాలాసేపటికి, “దీన్ని మళ్లీ ఎండలో పెడితే రంగొస్తుందా?” అని దీనమ్మని అడిగాను.

“రాదండీ. వెలిసిన కాయ వెలిసినట్టే. ఎర్రకాయకి అంటకుండా తీసెయ్యడమే” అంది చేతులు ఆపకుండా. ఆదివారం నేను పొడుగ్గా చెప్పిందాన్ని ఆమె రెండు ముక్కల్లో తేల్చేసింది. ఆ మధ్యాహ్నమంతా ఆమె పక్కనే కూర్చుని ఏరాను.

నాలుగింటికి పడమట మబ్బు లేచింది. గాలి కూడా తిరిగింది. యేసురత్నం నడుం పట్టుకుని లేచి నిలబడి, ఆ మబ్బు వైపు చూసి, నా వైపు తిరిగాడు.

“మేడమ్‌గారూ, పడుద్దంటారా?”

ఎగతాళికి అడుగుతున్నాడేమోనని అతని మొహంలోకి చూశాను. కాదు. నిజంగానే అడుగుతున్నాడు. మస్తాన్‌వలీ, పాస్టర్‌గారు, సువార్త పని ఆపి నా వైపు చూశారు. చెయ్యి దానంతటదే ఫోను కోసం సంచిలోకి వెళ్లింది. ఖాళీ చేత్తోనే బయటికి తీశాను.

“నాకు తెలియదండీ” అన్నాను.

“ఆ మాట ఆదివారం అనకపోయారా” అన్నాడు. అని, పట్ట అవతలి కొస నా చేతిలో పెట్టాడు. “కాయకి తగలనీకండి. గాలి ఆడాలి. ఎత్తి పట్టుకోండి.”